మోటారు సైకిలు పందెములు: 1949 నాటి ప్రథమ ప్రపంచ పోటీ



నేటి ప్రసంగమునకు విషయము మోటారు సైకిలు పందెములు. ఉద్యోగము విరమించి యింట కూర్చున్న సైన్సు మేష్టరుకు ఈ విషయముతో నేమి పని యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. పని యున్నది. అది ముందుగా విన్నవించి పిదప కథలోనికి వచ్చెదను.

విజయనగరమున ఒక ఉన్నత పాఠశాలలో నేను ముప్పది యేండ్లు భౌతికశాస్త్రము చెప్పితిని. వేగము, త్వరణము అను పాఠములు వచ్చినపుడు, పిల్లలు నిద్రపోకుండుటకై, ఇంగ్లండునకు ఐర్లండునకు నడుమ సముద్రములోనున్న మాన్ ద్వీపమున జరుగు మోటారు సైకిలు పందెముల కథ చెప్పెడివాడను. గంటకు నూటనలుబది కిలోమీటర్ల వేగముతో, రాతిగోడల నడుమ, కొండమీదుగా మూడు గంటలపాటు ఆగకుండ పోయిరని చెప్పగా, వెనుక బల్లలవారు గూడ కన్నులు విప్పి వినెడివారు. అట్లు విన్నవారిలో నొకడు, చదువు ముగిసిన రెండేండ్లకు, నాతవలస కూడలి దాటిన తరువాత జాతీయ రహదారిమీద రాత్రివేళ స్నేహితులతో పందెము వేసెను. రోడ్డు అంచున ఎవరో ధాన్యము ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చియుండిరి. వాడు ఆ రాళ్లను చూచినాడు, కాని ఆగలేకపోయినాడు. ప్రాణము దక్కినది గాని కుడికాలు మోకాటి క్రింద పోయినది.

నేను చూడబోయినపుడు వాడు నన్ను నిందింపలేదు. "మేష్టారూ, ఆ దొరలు ఎంత జోరుగా వెళ్లేవారో చెప్పినారు గాని, ఎలాగ ఆగేవారో చెప్పనేదండి" అని మాత్రమనెను. ఆ మాట నన్ను విడువలేదు. నేను సగము కథ చెప్పి సగము విడిచితిని. విడిచిన సగమును నేడు ఈ ప్రసంగమున చెప్పదలచితిని. అందులకు 1949వ సంవత్సరపు పోటీలను ఎన్నుకొంటిని. ఏలయన, ఆ సంవత్సరముననే మోటారు సైకిలు పందెములకు ప్రపంచ విజేత యను బిరుదు మొదటిసారి ఈ రూపమున ఏర్పడినది.

ముందుగా రోడ్డు పందెము అను మాటకు అర్థము చెప్పుకొందము. గుండ్రని మైదానములో జరుగు పందెమునకును దీనికిని భేదమున్నది. రోడ్డు పందెమనగా ఊళ్లను కలుపు మామూలు బాటనే కొన్ని గంటలపాటు మూసివేసి, దానిమీద చుట్లు కొట్టుట. మూసివేయుట అను మాటను శ్రోతలు మరవరాదు. మన విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగు దినమున, గుడికిని కోటకును నడుమనున్న వీధి వీధివలె నుండదు. ఆ పూట దానిమీద బండి నడువదు, బేరము సాగదు. సిరిమాను మూడుమారులు తిరిగి ముగియువరకు ఆ బాట అమ్మవారిది. రోడ్డు పందెము జరుగు చోటున గూడ నంతే. మాన్ ద్వీపమున పందెము కొరకు రోడ్లు మూయుటకు చట్టమే కలదు. ప్రతి మలుపు దగ్గర జెండాలు పట్టుకొని మనుష్యులుందురు. ఎదురునుండి వచ్చు బండి యుండదు. అడ్డు వచ్చు పశువుండదు. అట్లయినను అది ప్రమాదమైన ఆటయే యని ముందు ముందు తెలియగలదు.

1949లో అంతర్జాతీయ మోటారు సైకిలు సంఘమువారు అంతకు పూర్వము వేరువేరుగా జరుగుచున్న పెద్ద పందెములను ఒక వరుసగా కూర్చి, వానిలో వచ్చిన మార్కులనుబట్టి ప్రపంచ విజేతను నిర్ణయింతుమని ప్రకటించిరి. ఇంజను పరిమాణమునుబట్టి తరగతులు చేసిరి: 125, 250, 350, 500 సి.సి. తరగతులు నాలుగు; ప్రక్కన మరియొకరు కూర్చుండు సైడుకారు తరగతి యొకటి. వీనిలో 500 సి.సి. తరగతి పెద్దది. దానికి ఆరు పందెములు: జూన్ నెలలో మాన్ ద్వీపము, జూలైలో స్విట్జర్లండు, హాలండు, బెల్జియము, ఆగస్టులో ఉత్తర ఐర్లండులోని అల్‌స్టర్, సెప్టెంబరులో ఇటలీలోని మోంజా. ఈ ఆరింటిలో ఐదు, ప్రజలు నిత్యము నడచు రోడ్లమీద జరిగినవి. మోంజా మాత్రము 1922లో పందెముల కొరకే కట్టిన బాట.

మార్కుల పద్ధతి విచిత్రమైనది. మొదటివానికి 10, రెండవవానికి 8, మూడవవానికి 7, నాలుగవవానికి 6, ఐదవవానికి 5. ఆరవవాడు మొదలు ఎవరికిని ఏమియు లేదు. అందరికన్న వేగముగా ఒక చుట్టు తిరిగినవానికి అదనముగా ఒక మార్కు. మరియొక నియమము కలదు: ఆరు పందెములలో వచ్చిన మార్కులన్నియు కూడరు, ఒక్కొక్కని మార్కులలో మిక్కిలి మంచివి మూడింటిని మాత్రమే లెక్కింతురు. ఈ నియమము ముందు కథలో పెద్ద పని చేయును గాన జ్ఞాపకముంచుకొనవలెను.

మాన్ ద్వీపమునందలి బాట ఒక చుట్టు అరువది కిలోమీటర్లు. ఊళ్ల మధ్యనుండి, ఇండ్ల గడపల ముందునుండి, రాతిగోడల ప్రక్కనుండి పోయి, స్నెఫెల్ అను కొండ నెక్కి దిగి, బయలుదేరిన చోటికి వచ్చును. వందలకొలది మలుపులున్నవి. 500 సి.సి. తరగతివారు దీనిని ఏడుమార్లు తిరుగవలెను. అనగా నాలుగు వందల యిరువది కిలోమీటర్లకు పైమాట. విజయనగరమునుండి విజయవాడ పోవునంత దూరము.

1949 జూన్ 13వ తేదీన జరిగిన 350 సి.సి. పందెము ఈ ప్రపంచ పోటీలన్నిటికి మొదటిది. వెలొసెట్ బండిమీద ఫ్రెడ్డీ ఫ్రిత్ అను నలుబదియేండ్లవాడు దానిని గెలిచెను. ఆ తరగతికి ఆ యేడు జరిగిన ఐదు పందెములను అతడే గెలిచి, విజేతయై, ఆ యేటితోనే పందెములనుండి విరమించెను. కాని నేను తరగతిలో ఎన్నడును చెప్పని సంగతి యొకటి కలదు. ఆ మొదటి పందెములోనే బెన్ డ్రింక్‌వాటర్ అను చోదకుడు పడి మరణించెను. అతడు పడిన మలుపునకు నేటికిని అతని పేరే. ప్రపంచ పోటీ పుట్టిన దినముననే ఒక ప్రాణము పోయినది.

ఆ వారములోనే జరిగిన 500 సి.సి. పందెమున లెస్లీ గ్రాహమ్ అను ఆంగ్లేయుడు ముందుండెను. అప్పటికతనికి ముప్పదియేడేండ్లు. రెండవ ప్రపంచ యుద్ధమున బాంబు విమానము నడిపి శౌర్య పతకము పొందినవాడు. అతని బండి ఎ.జె.ఎస్. కంపెనీవారిది. దాని ఇంజను తలకు ముళ్లవంటి రెక్కలుండుటచే జనులు దానికి ఏదుపంది యని పేరు పెట్టిరి. ఆ ముళ్లు అలంకారమునకు కావు. ఇంజను వేడెక్కును, వేడి గాలిలోనికి పోవలెనన్న గాలి తగులు వైశాల్యము పెరుగవలెను, అందులకే ఆ రెక్కలు. ఆ ఇంజనుకు మరియొక దురదృష్టము కూడ కలదు. గాలిని అదిమి ఇంజనులోనికి పంపు సూపర్‌ఛార్జరు అను యంత్రమును మనస్సున నుంచుకొని దానిని రూపొందించిరి. యుద్ధానంతరము 1946లో సంఘమువారు సూపర్‌ఛార్జరును నిషేధించిరి. వేరొక వంటకై కట్టిన పొయ్యిమీద వేరొక వంట వండినట్లు, ఎ.జె.ఎస్. వారు ఆ ఇంజనునే సరిదిద్దుకొని పందెమునకు దింపిరి.

గ్రాహమ్ ఏడవ చుట్టు చివరివరకు ముందే యుండెను. ముగింపు ఇంక మూడు కిలోమీటర్లున్నదనగా బండి నిలిచిపోయెను. మాగ్నెటో చెడిపోయినది. మాగ్నెటో యనగా, బ్యాటరీ లేకుండనే ఇంజను తిరుగుడువలన విద్యుత్తు పుట్టించి నిప్పురవ్వ నిచ్చు చిన్న సాధనము. ఆ రవ్వ లేక పెట్రోలు మండదు. గ్రాహమ్ దిగి, ఆ బరువైన బండిని తోసికొనుచు నడిచి పందెమును పూర్తిచేసెను. అప్పటికి చాలమంది అతనిని దాటి పోయిరి; గెలుపు దక్కలేదు. దళసరి కళ్లద్దములు పెట్టుకొను హెరాల్డ్ డానియల్ అను నాతడు నార్టన్ బండిమీద, మూడు గంటల రెండు నిమిషములకు కొంచెము పైగా పట్టిన కాలములో గెలిచెను.

రెండవ పందెము జూలై 3వ తేదీన స్విట్జర్లండులో, బెర్న్ నగరము చెంతనున్న బ్రెమ్‌గార్టెన్ అడవిలో జరిగినది. ఏడు కిలోమీటర్ల చుట్టు. రోడ్డు అంచు వరకు చెట్లు. తిన్నని భాగము మిక్కిలి తక్కువ. ఇచ్చట గ్రాహమ్ గెలిచెను. వేగమైన చుట్టునకిచ్చు మార్కు కూడ నతనిదే. మలుపులు మెండుగాగల ఈ బాటను చెప్పునపుడు, నేను పాఠశాలలో విడిచిన పాఠమును చెప్పవలెను.

మోటారు సైకిలు మలుపు తిరుగునపుడు లోపలివైపునకు వాలును. వాలనిచో వెలుపలికి పడిపోవును. ఎంత వాలవలెనన్నది వేగమునుబట్టి యుండును. వేగము రెండింతలైన, తిరుగుటకు కావలసిన బలము రెండింతలు కాదు, నాలుగింతలు. ఆ బలమంతయు టైరు నేలను తాకు చోటునుండియే రావలెను. ఆ చోటు మన అరచేతికన్న చిన్నది. అచ్చట చిటికెడు ఇసుక గాని, చుక్క నూనె గాని, నాలుగు వడ్లగింజలు గాని యున్నచో పట్టు తప్పును. సైడుకారు తరగతిలో దీనిని కంటికి కట్టినట్లు చూడవచ్చును. ఆ యేడు ఆ తరగతి విజేత ఎరిక్ ఆలివర్. అతని ప్రక్కన కూర్చుండువాడు డెనిస్ జెంకిన్‌సన్. కూర్చుండువాడని అంటిని గాని కూర్చుండుట కతనికి తీరిక యెక్కడిది? ఒక మలుపునకు ఇవతలి చక్రము వెలుపలికి నేలకు జానెడు ఎత్తున వ్రేలాడవలెను. మరుసటి మలుపునకు చోదకుని వీపుమీదుగా అవతలికి పోవలెను. ఆ మనుష్యుని బరువే బండిని నేలకు పట్టియుంచును. ఈ జెంకిన్‌సనే 1955లో స్టర్లింగ్ మాస్ ప్రక్కన కూర్చుండి, ఇటలీలోని వేయి మైళ్ల మోటారుకార్ల పందెములో దారి చెప్పి గెలిపించెను.

ఇక ఆగుట. గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున పోవువానికి, బ్రేకు పట్టిన తరువాత, ఎండిన మంచి రోడ్డుమీద సుమారు తొమ్మిది మీటర్లలో బండి నిలుచును. ఎనుబది వేగమున అదే బండికి ముప్పదియైదు మీటర్లు కావలెను. నూటయిరువది వేగమున దాదాపు ఎనుబది మీటర్లు. ఇది బ్రేకు పట్టిన తరువాతి లెక్క. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకును పట్టుటకు ఒక క్షణము పట్టునను కొన్నచో, నూటయిరువది వేగమున ఆ క్షణములోనే బండి ముప్పదిమూడు మీటర్లు పోవును. రెండును కూడిన నూటపది మీటర్లకు పైమాట. మోటారు సైకిలు దీపము దించిన వెలుగులో సాధారణముగా యాబది మీటర్ల ఆవల నున్నది స్పష్టముగా కనబడదు. నా శిష్యుడు రాళ్లను చూచినాడనియు ఆగలేకపోయినాడనియు చెప్పితిని గదా! ఆ లెక్క ఇదియే. వాని చేతిలో దోషము లేదు. బ్రేకులో దోషము లేదు. దూరము చాలలేదు.

పందెపు చోదకులు ఈ దూరమును ఎట్లు సంపాదింతురు? తెలిసికొని సంపాదింతురు. మాన్ ద్వీపమున పందెమునకు ముందు, తెల్లవారుజామున రోడ్లు మూసి, దినదినము అభ్యాసము చేసెడివారు. ఈ గోడ మూల వచ్చినపుడు వేగము తగ్గింపవలెను, ఆ చెట్టు దగ్గర బ్రేకు పట్టవలెను, ఈ గుమ్మటమునొద్ద వాలవలెను అని గుర్తులు పెట్టుకొందురు. మలుపు కనబడిన తరువాత బ్రేకు పట్టువాడు వారిలో ఒక్కడును లేడు. వారు తమకు తెలియని రోడ్డుమీద, ఎదురు బండ్లు వచ్చుచుండగా, చీకటిలో పందెము వేయరు. ఆ యేటి విజేతల వయస్సులు గూడ గమనింపదగినవి. ఫ్రిత్‌కు నలుబది, గ్రాహమునకు ముప్పదియేడు. దుడుకు తగ్గి లెక్క కుదిరిన వయస్సు.

కథలోనికి మరల వచ్చెదను. మూడవ పందెము జూలై 9వ తేదీన హాలండులోని ఆసెన్‌లో. పొలముల నడుమ సాగు ఇరుకు రోడ్డు, పదునారు కిలోమీటర్ల చుట్టు. అచ్చట ఇటలీ దేశీయుడు నెల్లో పగానీ, నాలుగు సిలిండర్ల జిలేరా బండిమీద గెలిచి, వేగమైన చుట్టు మార్కును గూడ గొనెను. గ్రాహమునకు రెండవ స్థానము, 8 మార్కులు. వారము దాటిన పిదప బెల్జియములోని స్పా అడవిలో గ్రాహమ్ జట్టువాడే యైన బిల్ డోరన్ గెలిచెను, పగానీ ఐదవవాడు. ఆగస్టు 20వ తేదీన అల్‌స్టర్‌లో, మైళ్లకొలది గతుకుల తిన్నని రోడ్డుగల క్లాడీ బాటమీద, గ్రాహమ్ గెలిచి, వేగమైన చుట్టును గూడ తిరిగెను. పగానీ మూడవవాడు.

ఇప్పుడు కాగితము పెన్సిలు ఉన్నవారు లెక్క వేయవచ్చును. గ్రాహమునకు స్విట్జర్లండులో 11, హాలండులో 8, అల్‌స్టర్‌లో 11: మొత్తము 30. పగానీకి స్విట్జర్లండులో నాలుగవ స్థానమునకు 6, హాలండులో 11, బెల్జియమున 5, అల్‌స్టర్‌లో 7. ఇంక మిగిలినది మోంజా యొక్కటే. అచ్చట పగానీ గెలిచి, వేగమైన చుట్టును తిరిగినను వచ్చునవి 11. లెక్కకు వచ్చునవి మంచివి మూడే గాన, 11, 11, 7 కలిసి 29. ముప్పదికి ఒకటి తక్కువ. అనగా మోంజాలో జెండా యెత్తకముందే బిరుదు గ్రాహమునకు చేరినది. సెప్టెంబరు 4వ తేదీన పగానీ తన దేశీయుల కోలాహలము నడుమ ఆ పందెమును గెలిచెను. వేగమైన చుట్టు మార్కును గూడ గెలిచెను. ఆ యేడు తాను చేయగల దంతయు చేసెను. అయినను 29.

పగానీ దిగిన ఐదు పందెములలోను మార్కులు తెచ్చుకొనెను. అన్నియు కూడిన 40. గ్రాహమ్ మొత్తము దానికి చాల తక్కువ. మరి ఇది న్యాయమా యని నా విద్యార్థులెవరైన అడిగియుందురు, నేను చెప్పియుండినచో. ఆ నియమమునకు ఒక కారణము నాకు తోచుచున్నది. యంత్రములు చెడును, మాగ్నెటోలు తెగును, సముద్రములు దాటి అన్ని పందెములకు పోవుటకు అందరికి శక్తి యుండదు. ఒకటి రెండు చోట్ల అదృష్టము చెడినవాని నేర్పును దానితో కొట్టివేయరాదని పెద్దలు తలచియుందురు. మాన్ ద్వీపమున బండి తోసిన గ్రాహమునకు ఆ నియమము మేలు చేసినది. ఎన్నడును తప్పక ముగించిన పగానీకి కీడు చేసినది. వేగమైన చుట్టునకిచ్చు ఒక్క మార్కును మరుసటి యేటినుండి తీసివైచిరి. అది లేకున్నను ఆ యేడు గ్రాహమునకు 28, పగానీకి 27. ఎట్లు చూచినను ఒక్క మార్కే తేడా. పగానీ రిక్తహస్తములతో పోలేదు, 125 సి.సి. తరగతి బిరుదు మోండియల్ బండిమీద అతనికే వచ్చినది. 250 సి.సి. తరగతి బిరుదు మోటో గుజ్జీమీద బ్రూనో రుఫో గెలిచెను.

కథ ఇచ్చట ముగించినచో మరల సగము చెప్పినవాడనగుదును. తరువాత నేమైనది? 1953 జూన్ నెలలో లెస్లీ గ్రాహమ్ అదే మాన్ ద్వీపమున, ఊరి వీధులగుండా దిగు బ్రే హిల్ అను వాలు క్రింద పడి మరణించెను. ప్రథమ ప్రపంచ విజేత రోడ్డుమీదనే పోయెను. 1955లో ఫ్రాన్సులోని లె మాన్ కార్ల పందెమున ఎనుబదిమందికి పైగా ప్రేక్షకులు చనిపోగా, స్విట్జర్లండువారు అట్టి పందెములనే నిషేధించిరి. బ్రెమ్‌గార్టెన్ బాట మూతబడెను. ఆ యేడే ఆసెన్‌లో పాత రోడ్డును విడిచి పందెమునకై వేరే బాట కట్టిరి. అల్‌స్టర్ పందెము 1971 తరువాత ప్రపంచ పోటీ వరుసనుండి తొలగినది. 1972లో మాన్ ద్వీపమున గిల్బెర్తో పార్లొత్తీ అను ఇటలీ చోదకుడు మరణింపగా, అతని మిత్రుడు, పెక్కుమార్లు ప్రపంచ విజేతయైన జాకొమో అగొస్తీనీ, ఇంక అచ్చట పందెమాడనని విడిచిపెట్టెను. అతని వెంట ఇతరులును విడిచిరి. 1976 తరువాత మాన్ ద్వీపము గూడ వరుసనుండి పోయినది. అచ్చటి పందెము నేటికిని జరుగుచున్నది గాని ప్రపంచ పోటీలో భాగము కాదు. 1949లో ప్రపంచ విజేతను నిర్ణయించిన ఆ ఐదు రోడ్లలో ఒక్కటియు ఆనాటి రూపమున నేడు ప్రపంచ పోటీలో లేదు. రోడ్డు పందెము అను పేరు మిగిలినది, రోడ్డు మిగులలేదు. లోకములో అందరికన్న బాగుగా బండి నడుపగలవారే, ఇది తమకు తగిన చోటు కాదని దానిని విడిచిపోయిరి.

మన దేశపు సంగతి రెండు మాటలలో చెప్పెదను. మోటారు సైకిలుమీద తెలుగువారికి గల మోజు నేటిది కాదు. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబములో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు, చిన్నతనమున ఒక దొర ఎక్కివచ్చిన రడ్జ్ మోటారు సైకిలును చూచి ఆశపడి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి దానిని కొనెను. ఆ రడ్జ్ కంపెనీ బండి 1914లో మాన్ ద్వీపమున పెద్ద పందెము గెలిచినదే. నాయుడుగారు బండి కొని మొదట చేసిన పని, దానిని పరుగెత్తించుట కాదు. మరమరకు విప్పి, మరల బిగించి, అది యెట్లు నడుచునో నేర్చుకొనుట. ఆ కుతూహలమునుండియే ఆయన మోటారు బస్సులు, కర్మాగారములు పుట్టినవి.

ప్రపంచ పోటీలు 2023లో మన ముంగిటికి రెండుమార్లు వచ్చినవి. ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరము ప్రక్క వీధులలో విద్యుత్తు కార్ల ప్రపంచ పందెము జరిగెను. మూడు కిలోమీటర్లకు కొంచెము తక్కువైన చుట్టు. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. దానికై వీధికి ఇరుప్రక్కల గట్టి గోడలు, కంచెలు నిలిపి, నగరపు రాకపోకలను మళ్లించిరి. వీధి వీధిగా నుండగా ఎవరును పందెమాడలేదు. సెప్టెంబరు 24వ తేదీన ఢిల్లీ చేరువ గ్రేటర్ నోయిడాలోని బుద్ధ బాటమీద మోటారు సైకిళ్ల ప్రపంచ పందెము మన దేశమున మొదటిసారి జరుగగా, ఇటలీవాడు మార్కో బెజ్జెక్కీ గెలిచెను. ఎండ తీవ్రతను చూచి, చోదకులకు హాని కలుగునని, చుట్లను ఇరువదినాలుగునుండి ఇరువదియొకటికి తగ్గించిరి. అంత వేగముగా పోవువారు గూడ ఎండకు వెరచి లెక్క మార్చుకొనుట నాకు ముచ్చట గొలిపినది. ఆ యేడు విజేతయైన ఫ్రాంచెస్కో బన్యాయా, అంతకు మూడు వారముల ముందు బార్సెలోనాలో మొదటి చుట్టులోనే పడగా, వెనుక వచ్చు బండి అతని కాళ్లమీదుగా పోయినది. ఎముక విరుగలేదు. దుస్తులలో గాలితో ఉబ్బి కాపాడు సంచి, తలకు గట్టి శిరస్త్రాణము, చెంతనే వైద్యులు, వెంటనే పందెము నాపు ఎఱ్ఱజెండా. ఇవన్నియు ఉన్నచోటి మాట యిది. నాతవలస రోడ్డుమీద రాత్రి పదునొకండు గంటలకు వీనిలో నేదున్నది?

మన ప్రాంతపు వీరుడొకని తలచుకొని ముగింతును. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామ విద్య నేర్చి నేర్పిన కోడి రామమూర్తి నాయుడు గారిని ఎరుగని యిల్లు ఈ జిల్లాలలో లేదు. ఆయన మోటారుకార్లను గొలుసులతో కట్టించుకొని, అవి ముందుకు పోకుండ ఆపి నిలిపినాడని మా పెద్దలు చెప్పగా వినెడివారము. కారును వేగముగా నడిపినందుకు ఆయనకు కీర్తి రాలేదు; ఆపినందుకు వచ్చినది. నేను పాఠశాలలో ఆయన కథ చెప్పి, దాని వెంట బ్రేకు లెక్క చెప్పియుండవలసినది.

నా శిష్యుడిప్పుడు కృత్రిమమైన కాలు తగిలించుకొని, మా ఊరిలోనే మోటారు సైకిళ్లు బాగుచేయు కొట్టు నడుపుచున్నాడు. ఈ ప్రసంగము వ్రాసికొని మొదట వానికే చదివి వినిపించితిని. గ్రాహమ్ బండి తోసికొని వచ్చిన ఘట్టము వానికి నచ్చినది. "మాగ్నెటో పోతే ఏటి చేస్తాడండి, తొయ్యాల" అని నవ్వెను. పిదప ఒక సాయంకాలము నేను వాని కొట్టునకు పోయినపుడు, బ్రేకు బిగించుటకు వచ్చిన యిద్దరు కుఱ్ఱవాండ్రకు వాడు నేలమీద సుద్దముక్కతో గీతలు గీసి చూపుచుండెను: ఇది నలుబదికి, ఇది ఎనుబదికి. మూడవ గీతకు కొట్టులో చోటు చాలక, వీధిలోనికి కుంటుచు నడచిపోయి, అచ్చటినుండి చేయి ఎత్తి చూపెను. ఆ దూరమును ఆ పిల్లలు కన్నులార చూచిరి. ముప్పదియేండ్లు నేను నల్లబల్లమీద చెప్పిన దానికన్న అది మంచి పాఠము.

ఈ మాటలు వినుచున్న తండ్రులు, అన్నలు ఎవరైన నున్నచో, రేపు ప్రొద్దున తమ యింటి ముందు రోడ్డుమీద నూటపది మీటర్లు అడుగులతో కొలిచి తమ పిల్లలకు ఒకసారి చూపవలెనని నా ప్రార్థన. నూటయేబది అడుగులకు తక్కువ కాకుండ వేయుడు.

సెలవు.